పచ్చకామెర్లు అన్నీ ఒకటి కాదు.. బార్కస్ పక్కన వైరస్‌ల గుట్టు వెతికిన డాక్టర్ హబీబుల్లా కథ ఇదీ!

బార్కస్ అనగానే చాలామందికి మండీ గుర్తొస్తుంది. నిజాం దగ్గర పనిచేసిన అరబ్ సైనికుల బ్యారక్స్ ఉన్న చోటు కాబట్టి, ఆ మాటే జనం నోట్లో నాని బార్కస్ అయింది. అయితే అక్కడికి కొద్ది దూరంలోనే, కంచన్‌బాగ్‌లోని దక్కన్ మెడికల్ కాలేజీలో, కామెర్ల మీద ఏళ్ల తరబడి రీసెర్చ్ జరిగిందని తెలిసినవాళ్లు తక్కువ. సెంటర్ ఫర్ లివర్ రీసెర్చ్ అండ్ డయాగ్నస్టిక్స్ పేరుతో దాన్ని నడిపించిన వ్యక్తి డాక్టర్ సి.ఎం. హబీబుల్లా.

ఇంతకీ ఎవరీయన? డిగ్రీ ప్రకారం చూస్తే వైరాలజిస్ట్ కాదు, గ్యాస్ట్రో డాక్టర్. ఉస్మానియాలో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగానికి అధిపతిగా పనిచేశారు. బి.సి.రాయ్ అవార్డు అందుకున్నారు. 2001లో కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది. లివర్ పాడై వచ్చే పేషెంట్లను చూస్తూ చూస్తూ, దానికి కారణమైన వైరస్‌ల దాకా వెళ్లారు.

అసలు సమస్య ఏంటంటే.. కళ్లు పచ్చబడితే మనవాళ్లు "కామెర్లు" అనేస్తారు. పసరు మందు పోయిస్తారు, తాయెత్తు కట్టిస్తారు. కానీ కామెర్లు జబ్బు కాదు, లక్షణం. లోపల హెపటైటిస్ ఏ, బీ, సీ, డీ, ఈ.. వీటిలో ఏదైనా ఉండొచ్చు. ఏ, ఈ కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వస్తాయి. బీ, సీ రక్తం ద్వారా, వాడిన సూదుల ద్వారా వస్తాయి. పుట్టేటప్పుడు తల్లి నుంచి బిడ్డకు కూడా సోకుతాయి. పసరు తాగినా తాగకపోయినా ఏ, ఈ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. అందుకే పసరుకు అంత పేరు! బీ, సీ అలా కాదు. కొందరిలో పైకి తగ్గినట్టే ఉండి, ఏళ్ల తర్వాత లివర్‌ను గట్టిపరిచేస్తాయి. క్యాన్సర్ దాకా తీసుకెళ్తాయి.

ఈ తేడా డాక్టర్లకు కూడా మొదట్లో తెలియదు. 1955-56లో ఢిల్లీలో మురుగు కలిసిన నీళ్లు తాగి వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్-ఏ అనే అనుకున్నారు. దాచిన రక్తం శాంపిల్స్‌ను చాలా ఏళ్ల తర్వాత మళ్లీ టెస్ట్ చేస్తే కాదని తేలింది. హెపటైటిస్-ఈ వైరస్ మైక్రోస్కోప్‌లో మొదట కనిపించింది 1983లో. సీ వైరస్‌ను గుర్తించింది 1989లో. అంటే హబీబుల్లా తరం డాక్టర్లు పేరు కూడా లేని శత్రువుతో పోరాడారన్నమాట. అందుకే లోకల్‌గా ఏ వైరస్ తిరుగుతోంది, ఏ రకం అన్నది ఇక్కడే తేల్చే ల్యాబ్ ముఖ్యమైంది. ఆయన టీమ్ ఇక్కడి జనంలో హెపటైటిస్-సీ ఎంత ఉంది, ఏ జన్యు రకాలు ఉన్నాయి అన్నదీ పరిశోధించింది.

వైరస్ లివర్‌ను కొద్ది రోజుల్లోనే కుప్పకూల్చితే? అప్పట్లో లివర్ మార్పిడి మామూలు జనానికి అందే మాట కాదు. 1994లో హబీబుల్లా బృందం పిండం లివర్ నుంచి తీసిన కణాలను అలాంటి ఏడుగురు పేషెంట్ల పొట్టలోకి ఎక్కించి, ఫలితాలను ట్రాన్స్‌ప్లాంటేషన్ జర్నల్‌లో ప్రచురించింది. ఏడుగురితో ఏదీ రుజువు కాదు, నిజమే. కానీ సొంత లివర్ కోలుకునేదాకా కొంత టైమ్ కొనొచ్చన్న ఆలోచన అది. తర్వాత లివర్ సిరోసిస్ పేషెంట్ల మీదా ఈ టీమ్ కణాల చికిత్సను పరీక్షించింది. ఈ పద్ధతి ఇప్పటికీ రెగ్యులర్ ట్రీట్‌మెంట్ కాలేదు. హబీబుల్లా 2010లో కన్నుమూశారు.

2005లో హైదరాబాద్‌లో హెపటైటిస్-ఈ విజృంభించినప్పుడు వెయ్యికి పైగా కేసులు వచ్చాయి. ఓపెన్ నాలాలను దాటే మంచినీటి పైపులున్న ప్రాంతాల్లోనే ఎక్కువ మంది జబ్బుపడ్డారని దర్యాప్తులో తేలింది. పైపులు బాగు చేశాక కేసులు తగ్గాయి.

వానాకాలంలో ఇంట్లో గర్భిణి ఉంటే మరీ జాగ్రత్త. చివరి మూడు నెలల్లో హెపటైటిస్-ఈ సోకితే 20 నుంచి 25 శాతం మంది దాకా ప్రాణాలు పోయే ప్రమాదముందని డబ్ల్యూహెచ్‌వో చెబుతోంది. కళ్లు పచ్చబడ్డాయంటే పసరు కోసం కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా మరిగించకుండా తాగొద్దు. బీకి టీకా ఉంది, పుట్టిన 24 గంటల్లోపు తొలి డోసు వేయించాలి. సీకి టీకా లేదు కానీ, మూడు నెలల మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో బీ, సీ టెస్టులు, మందులు ఫ్రీగానే ఇస్తున్నారు.