ఆరంభము వేఱు, సృష్టి వేఱు

రేడియోలో మాటలాడుటయే వృత్తిగా గలవారము కావున, రేడియోలో పుట్టిన ఒక మాటతో ఈ ప్రసంగమును ప్రారంభింతుము. విశ్వమెట్లు మొదలైనదని అడిగినచో నేడు బడిపిల్లలు సైతము "బిగ్ బ్యాంగ్" అని బదులు చెప్పుదురు. ఆ పేరు శాస్త్ర గ్రంథములలో పుట్టినది కాదు. 1949 మార్చి 28వ తేదీన ఫ్రెడ్ హాయిల్ అను ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుడు బి.బి.సి.లో ప్రసంగించుచు, తనకు సమ్మతము గాని ఒక సిద్ధాంతమును "పెద్ద ప్రేలుడు" అను అర్థమిచ్చు ఆ మాటతో పేర్కొనెను. ఆ ప్రసంగ పాఠము మరుసటి నెలలో "ది లిజనర్" అను రేడియో పత్రికలో అచ్చయ్యెను.

హాయిల్ కాదన్న ఆ సిద్ధాంతమునకు మూలపురుషుడు ఒక క్యాథలిక్ గురువు. ఆయన పేరు జార్జి లెమేత్రు. 1894లో బెల్జియము దేశమున జన్మించి, మొదటి ప్రపంచ యుద్ధములో సైనికుడుగా పనిచేసి, 1923లో గురుపట్టాభిషేకము పొందెను. పిమ్మట కేంబ్రిడ్జిలో ఎడింగ్టన్ వద్ద పరిశోధన చేసి, లూవెన్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడయ్యెను. ఐన్‌స్టైన్ సమీకరణములను ఆధారము చేసికొని, విశ్వము వ్యాకోచించుచున్నదని 1927లోనే వ్రాసెను. దూరము హెచ్చిన కొలది గెలాక్సీలు హెచ్చు వేగముతో తొలగిపోవుచున్నవను హబుల్ పరిశీలనలు 1929లో వెలువడినవి. 1931లో లెమేత్రు మఱియొక అడుగు ముందుకు వేసి, విశ్వమంతయు ఒకే ఒక ఆది పరమాణువు బ్రద్దలగుటవలన ఏర్పడినదని "నేచర్" పత్రికలో ప్రతిపాదించెను.

మతగురువు కావున సృష్టికథకే గణితపు వేషము వేసెనని కొందఱు శంకించిరి. కాని ఆ వ్యాసపు చిత్తుప్రతి వేఱు కథ చెప్పుచున్నది. దాని చివర లెమేత్రు ఒక చిన్న పేరా వ్రాసికొనెను. దేవుడు స్వభావము చేతనే నిగూఢుడనియు, భౌతికశాస్త్రము సృష్టికి ఒక తెర వ్రేలాడగట్టినందుకు విశ్వాసి సంతోషింపవచ్చుననియు దాని తాత్పర్యము. పిదప ఆ పేరాను కొట్టివేసెను. అచ్చయిన వ్యాసములో దేవుని ప్రస్తావన లేదు.

ఇరువది యేండ్లకు అసలు పరీక్ష వచ్చినది. 1951 నవంబరు 22వ తేదీన పోప్ పన్నెండవ పయస్, లెమేత్రు తానే సభ్యుడుగా నున్న వాటికన్ విజ్ఞాన పరిషత్తు నుద్దేశించి ప్రసంగించుచు, నూతన విజ్ఞానము ఆదికాండములోని తొలి వెలుగునకు సాక్ష్యమిచ్చుచున్నదను భావమును వెల్లడించెను. తన సిద్ధాంతము పోప్ నోట ప్రశంస పొందినచో ఏ గురువునకైనను గర్వము కలుగవలెను. లెమేత్రునకు కలిగినది ఆందోళన. ఆయన తన అభ్యంతరమును వాటికన్ పెద్దలకు తెలియజేసెనని జీవిత చరిత్రకారులు చెప్పుదురు. 1952 సెప్టెంబరులో రోము నగరమున సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞుల ఎదుట పోప్ ప్రసంగించినపుడు, ఆది పరమాణువును దైవసృష్టికి సాక్ష్యముగా చూపలేదు.

ఆ అభ్యంతరము ఏల సమంజసమో రెండు విధములుగా చెప్పవచ్చును. మొదటిది విజ్ఞాన స్వభావమునకు సంబంధించినది. నాటి కొలతలను బట్టి విశ్వము వయస్సు సుమారు 200 కోట్ల సంవత్సరములు. భూమిపైని ప్రాచీన శిలల వయస్సు అంతకంటె హెచ్చుగా తేలుచుండెను. తల్లికంటె బిడ్డ పెద్దదైనట్లు! రోము సమావేశములోనే వాల్టర్ బాడే గెలాక్సీల దూరములు అనుకొన్నదానికి రెట్టింపని ప్రకటింపగా, విశ్వము వయస్సును రెట్టింపయ్యెను. నేటి లెక్క సుమారు 1380 కోట్ల సంవత్సరములు. ఇట్లు దిద్దుకొనుటయే విజ్ఞానమునకు శీలము. నేడున్న లెక్కపై విశ్వాసమును నిలిపినవాడు, రేపు లెక్క మారినపుడు విశ్వాసమును కూడ దిద్దుకొనవలసి వచ్చును.

రెండవది తత్త్వమునకు సంబంధించినది. లోకమునకు కాలములో ఆరంభము కలదని తర్కముచే నిరూపింపజాలమని 13వ శతాబ్దిలోనే పునీత థామస్ అక్వినాస్ వాదించెను. ఆయన దృష్టిలో సృష్టి యనగా ఏనాడో జరిగిన సంఘటన మాత్రమే కాదు. లోకము తన ఉనికికై నిత్యము దేవునిపై ఆధారపడియుండుట. ఒక ఉపమానము చెప్పుదుము. పాట ఎన్ని గంటలకు మొదలైనదో గడియారము చెప్పగలదు. పాడువారి కంఠము ఆగినచో పాట ఉండదను సంగతి గడియారము చెప్పగలిగినది కాదు. ఆరంభము మొదటి ప్రశ్నకు చెందినది, సృష్టి రెండవ దానికి. లెమేత్రు జీవితమంతయు ఈ రెంటిని కలిపివేయకుండ కాపాడెను. తన సిద్ధాంతము మత ప్రశ్నలకు పూర్తిగా వెలుపలిదని 1958లో సాల్వే సదస్సునందు స్పష్టముగా చెప్పెను.

అట్లయినచో విశ్వాసమునకును విజ్ఞానమునకును సంబంధమే లేదా యని శ్రోతలు అడుగవచ్చును. లెమేత్రు లేదనలేదు. ప్రకృతి యను పొడుపుకథకు విడుపు కలదను ధైర్యము విశ్వాసికి ఉండును; ఆ విడుపేమో మాత్రము విశ్వాసము చెప్పదు. నమ్మువాడును, నమ్మనివాడును ఒకే లెక్కను ఒకే రీతిగా చేయవలసినదే. మతమునకు అనుకూలమని ఒక సిద్ధాంతమును అంగీకరించుట ఎట్టి పొరపాటో, మతవాసన గలదని దానిని త్రోసివేయుటయు అట్టి పొరపాటే.

1965లో అమెరికా శాస్త్రజ్ఞులు పెన్జియాస్, విల్సన్ తమ రేడియో ఆంటెన్నాను ఎటు త్రిప్పినను తగ్గని ఒక సన్నని రొదను గూర్చి ప్రకటించిరి. అది విశ్వపు తొలిదశ నుండి మిగిలిన వేడిమి అని శాస్త్రజ్ఞులు గ్రహించిరి. ఆస్పత్రిలోనున్న లెమేత్రునకు ఆ వార్త చేరినది. 1966 జూన్ 20వ తేదీన ఆయన మరణించెను. ఆ రొద వినబడక హాయిల్ పక్షమే నెగ్గియుండినను, లెమేత్రు కోల్పోయెడిది ఒక సిద్ధాంతమును మాత్రమే. ఆయన దివ్యపూజకు ఎట్టి భంగమును కలిగియుండెడిది కాదని మా తలంపు.