యంత్రంతో ఏ భాషలో మాట్లాడాలి?



పొద్దున లేచింది మొదలు మనం ఎన్ని యంత్రాల చేత పని చేయించుకుంటున్నామో ఒకసారి లెక్కపెట్టి చూడండి. బట్టలుతికే మెషీను, చేతిలో సెల్‌ఫోను, ఎక్కి దిగే లిఫ్టు. వీటి లోపల చిన్న చిన్న కంప్యూటర్లుంటాయి. అవి ఏం చెయ్యాలో ఎవరో ఒక భాషలో రాసి పెడతారు. "ఆ గొడవ మనకెందుకమ్మా?" అంటారేమో! 2006లో కెనడాలోని వాంకూవర్ నగరంలో గ్రేడన్ హోర్ అనే ఆయన ఇంటికొచ్చేసరికి లిఫ్టు ఆగిపోయి ఉంది. దాన్ని నడిపే ప్రోగ్రాము చతికిలపడిందట. ఆయన ఇల్లు 21వ అంతస్తులో! ఇప్పుడు చెప్పండి, మనకు పట్టని గొడవేనా?

యంత్రానికి అతి దగ్గరగా ఉండే ప్రోగ్రాములను మొదట్లో అసెంబ్లీ భాషలో రాసేవారు. ఒక్కొక్క అడుగూ విడివిడిగా చెప్పాలి. పోనీ అంత కష్టపడినా, ఒక రకం యంత్రానికి రాసింది మరో రకానికి పనికిరాదు. 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ లాబ్స్‌లో డెన్నిస్ రిచీ 'సి' భాషను తయారుచేశారు. 1973లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందులో తిరగరాశారు. 'సి' ప్రోగ్రాము వేగంగా నడుస్తుంది, కొద్ది చోటులో ఇముడుతుంది, కొద్ది మార్పులతో వేరే యంత్రానికీ పనికొస్తుంది.

మరి లోపమేమిటి? కంప్యూటరు మెమరీని వంటింటి అలమర అనుకోండి. ఏ డబ్బా తీసినా, ఎంత తీసినా 'సి' అడ్డు చెప్పదు. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఎవరో గ్లాసుడు పంచదార ఇచ్చి, "నేనిచ్చిన బిందెడూ తిరిగివ్వు" అంటే, కొలిచి చూడకుండా పక్క డబ్బాల్లోవి కూడా పోసి ఇచ్చినట్టన్న మాట. ఆ పక్క డబ్బాల్లో పాస్‌వర్డులు కూడా ఉండొచ్చు! తాము సరిదిద్దే భద్రతా లోపాల్లో నూటికి సుమారు 70 ఇలాంటి మెమరీ పొరపాట్లేనని 2019లో మైక్రోసాఫ్ట్ వారు చెప్పారు.

జావా వంటి భాషల్లో అక్కర్లేనివి ఏరి సర్దేందుకు వెనకాల ఒక పనిమనిషి ఉన్నట్టే. అయితే ఆవిడ సర్దుతున్నంతసేపూ మన పని కాస్త ఆగొచ్చు, ఆవిడకీ చోటు కావాలి. క్షణం ఆలస్యం పనికిరాని చిన్న చిప్పుల్లో ఇది కుదరదు.

ఆ లిఫ్టాయనే మొదలుపెట్టిన భాష 'రస్ట్'. 2015లో దాని మొదటి స్థిరమైన రూపం వచ్చింది. దాని పద్ధతి మనకు తెలిసిందే. ప్రతి గిన్నెకూ యజమానురాలు ఒక్కరే. చేబదులు ఇవ్వొచ్చు. ఊరికే చూడ్డానికైతే ఎందరికైనా సరే, మార్చడానికైతే ఒకసారికి ఒక్కరికే. యజమానురాలి పని అయిపోగానే గిన్నె కడిగి బోర్లించినట్టు ఆ చోటు ఖాళీ అవుతుంది. నియమం తప్పితే ప్రోగ్రాము నడవకముందే కంపైలరు పట్టుకుంటుంది. చుట్టాలు విస్తళ్ళ ముందు కూర్చున్నాక ఉప్పు సంగతి తెలియడం కంటే ఇదే నయం కదూ!

అలాగని 'సి'ని అటకెక్కించలేం. దానిలో రాసిన కోట్ల పంక్తులు నేటికీ పనిచేస్తున్నాయి. రస్ట్ నేర్చుకోవడం కష్టం. యంత్రాన్ని నేరుగా తాకేచోట అందులోనూ కొన్ని కాపలాలు సడలించక తప్పదు. అందుకే 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1లో 'సి' పక్కన రస్ట్‌కూ చోటిచ్చారు.

మీ అమ్మాయి ఏ భాష నేర్చుకోనని అడిగితే, యంత్రం లోగుట్టు తెలియడానికి 'సి', పొరపాటు జరక్కుండా కట్టడానికి రస్ట్ అని చెప్పండి. రెండూ నేర్చిన పిల్ల చేతిలో మన లిఫ్టు పదిలంగా ఉంటుంది.