నీళ్లు తేటగా ఉంటే చాలదు: అక్వేరియానికి ఫిల్టరు ఎంచుకోవడం

కొత్తగా పెట్టిన అక్వేరియంలో చేపలు ఎక్కువగా చనిపోయేది మొదటి నెలలోనే. చూస్తే నీళ్లు తేటగానే ఉంటాయి, ఫిల్టరూ తిరుగుతూనే ఉంటుంది. చిక్కంతా కంటికి కనిపించని అమ్మోనియాతో. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగాక మిగిలిన నత్రజనిలో ఎక్కువ భాగం అమ్మోనియాగా మారి, మొప్పల గుండా నీటిలోకి వెళ్తుంది. అడుగున కుళ్లే మేత, మలం దానికి తోడవుతాయి. చెరువైతే అది పలచబడుతుంది, నాచు కొంత వాడుకుంటుంది. 50 లీటర్ల గాజుతొట్టిలో ఎటూ పోలేక పేరుకుంటుంది.

మన బోరు నీళ్లకు చాలాచోట్ల క్షారగుణం ఎక్కువ. అక్కడ ఈ సమస్య ఇంకా ముదురుతుంది. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం 1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి చేరితే అదే 5 శాతం దాటుతుంది.

ఇసుక గొట్టం చెప్పిన సంగతి

1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, మ్యుంట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇసుక నింపిన గొట్టం గుండా మురుగునీటిని నెమ్మదిగా కారనిచ్చారు. మొదట్లో అమ్మోనియా ఏ మార్పూ లేకుండా కిందికి దిగింది. దాదాపు 20 రోజులు గడిచాక దాని బదులు నైట్రేట్ రావడం మొదలైంది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపితే ఆ మార్పు ఆగిపోయింది. అంటే పని చేస్తున్నది ఇసుక మీద పెరిగిన సూక్ష్మజీవులు. ఈ మార్పు రెండు దశల్లో సాగుతుందని ఇంగ్లండ్‌లో రాబర్ట్ వారింగ్టన్ చూపాడు. అదే పేరున్న ఆయన తండ్రి కూడా రసాయన శాస్త్రజ్ఞుడే. గోల్డ్‌ఫిష్, నీటి మొక్కలు, నత్తలు కలిసి బతికే తొట్టి గురించి 1850లో రాసింది ఆ తండ్రే. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఈ బ్యాక్టీరియాను వేరుచేసి పెంచాడు.

మొదటి దశలో అమ్మోనియా నైట్రైట్‌గా మారుతుంది. ఇదీ విషమే. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని స్థితికి తెస్తుంది. రెండో దశలో అది నైట్రేట్ అవుతుంది. దీని ప్రమాదం చాలా తక్కువ. వారం వారం కొంత నీరు మారుస్తుంటే అదుపులో ఉంటుంది.

ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి మూడు కావాలి: అంటుకుని పెరగడానికి చోటు, ఆక్సిజన్, సమయం. చోటును స్పాంజి, పింగాణీ రింగులు ఇస్తాయి. ఇక ఆక్సిజన్: 1 గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి సుమారు 4.5 గ్రాములు ఖర్చవుతుంది. నీటిలో కరిగేది చూస్తేనేమో 20 డిగ్రీల వద్ద లీటరుకు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే. మన ఎండాకాలంలో చేపలు, బ్యాక్టీరియా ఆ కొద్దిపాటి ఆక్సిజన్ కోసమే పోటీపడతాయి. అందుకే ఫిల్టరు నీటిని పైపైన ఎంత కదిలిస్తుందో చూడాలి. వడకట్టడమే దాని పని అనుకుని జల్లెడలా లెక్కగడితే అసలు పని లెక్కలోకి రాదు.

డబ్బా మీది అంకె

ముందు మీ ట్యాంకు ఎంతో లెక్కేయండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో 56 లీటర్లు పడతాయి. గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ పోను నిజంగా ఉండేది 45–50. గంటకు అందులోని నీరంతా నాలుగైదుసార్లు ఫిల్టరు గుండా తిరగాలన్నది పెంపకందార్ల లెక్క. అంటే 200–250 లీటర్లు. డబ్బా మీద అచ్చేసే అంకె సాధారణంగా ఖాళీ పంపుది. స్పాంజికి మురికి పట్టే కొద్దీ అది తగ్గుతుంది కాబట్టి కాస్త పెద్దదే తీసుకోవాలి.

ఏ ట్యాంకుకు ఏది?

గప్పీలు పిల్లలు పెట్టే ట్యాంకుకు, ఫైటర్ చేపకు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరే మేలు. ప్రవాహం మెల్లగా ఉంటుంది, పిల్లలు లోపలికి లాగబడవు. బుడగలు నీటిని పైకీ కిందికీ తిప్పుతాయి. ఎయిర్ పంపును నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు గొట్టం గుండా నీళ్లు వెనక్కి పంపులోకి రావచ్చు.

గోల్డ్‌ఫిష్ బాగా తింటుంది, బాగా మలినం చేస్తుంది. దానికి టాప్ ఫిల్టరు, లేదా గోడకు వేలాడే హ్యాంగింగ్ ఫిల్టరు నప్పుతుంది. స్పాంజి, రింగులు పట్టే చోటుంటుంది. నీరు పైనుంచి పడుతూ గాలిని కలుపుకుంటుంది. చిన్న ఇంటర్నల్ ఫిల్టర్లు చవక. కానీ వాటిలో స్పాంజి కొద్దిగానే పడుతుంది కనుక తక్కువ చేపలున్న ట్యాంకుకే సరిపోతాయి.

మూడు నాలుగు అడుగుల ట్యాంకుకు కానిస్టర్ ఫిల్టరు బలమైనది. అయితే అది మూసిన డబ్బా. కరెంటు కొన్ని గంటలు పోతే లోపలి బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను వాడేసి చావడం మొదలెడుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లునీరు ట్యాంకులోకి వస్తుంది. గంటల తరబడి కోతలుండే ఊళ్లో కానిస్టర్ పెట్టేవారు దాన్ని ఇన్వర్టర్‌కు కలపడమో, తోడుగా ఒక స్పాంజి ఫిల్టరు, బ్యాటరీ ఎయిర్ పంపు ఉంచుకోవడమో చేయాలి.

కడగడంలోనే కిటుకు

మంచి ఫిల్టరును కూడా ఒక్క కుళాయి నీళ్ల కడుగుడు పాడుచేస్తుంది. మున్సిపల్ నీటిలోని క్లోరిన్ క్రిములతో పాటు ఈ మేలుచేసే బ్యాక్టీరియానూ చంపుతుంది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. స్పాంజి, రింగులు రెండూ ఒకేరోజు మార్చకూడదు. ఫిల్టరులో వేసే కార్బన్ రంగును, వాసనను పీల్చే మాట నిజమే కానీ కొన్ని వారాలకే దాని శక్తి అయిపోతుంది. చేపలకు మందు వేసేటప్పుడు దాన్ని తీసేయాలి, లేదంటే మందునూ పీల్చేస్తుంది.

ఇక సమయం. బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగా నడుస్తున్న ట్యాంకులోని పాత స్పాంజి ముక్క దొరికితే ఈ గడువు చాలా తగ్గుతుంది. ఖరీదైన ఫిల్టరుకు పెట్టే డబ్బులో కొంత మిగిల్చి అమ్మోనియా, నైట్రైట్ టెస్ట్ కిట్లు కొనండి. రోజూ చిటికెడు మేత వేస్తూ చేపలు లేకుండానే ట్యాంకును నడపండి. ముందు అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకు వచ్చాక చేపలను రెండేసి చొప్పున వదలండి. అప్పటికి మీ ఫిల్టరు ఏ రకందైనా పని నేర్చుకుని ఉంటుంది.