పిడుదు కాటు – లైమ్ వ్యాధి

1975లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున, లైమ్ అను ఊరి పరిసరములలో, ఎందరో పిల్లలకు కీళ్ళు వాచినవి. తల్లులు పట్టుబట్టిన మీదటనే వైద్యులు పరిశోధనకు పూనుకొన్నారు. దోషి అడవి పిడుదు! మన పశువులను పట్టే గోమారికి ఇది చుట్టమే. కాని పిల్లదశలో గసగసాల గింజంత ఉంటుంది. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ ఇటువంటి పిడుదుల పేగులలో మరమేకువలె మెలితిరిగిన సూక్ష్మజీవిని చూచినాడు.

పిడుదు కరచినంతనే వ్యాధి అంటదు. వెచ్చని నెత్తురు చేరిన తరువాత, పేగులోని సూక్ష్మజీవులు వృద్ధిపొంది, లాలాజల గ్రంథులకు ప్రాకి, అక్కడినుండి మన శరీరములో ప్రవేశిస్తాయి. ఇందుకు సాధారణముగా ఒక దినమునకు పైగా పట్టుతుంది. ఈ గడువే మనకు మేలు. అటువంటి అడవులలో తిరిగినవారు ఆ సాయంకాలమే చంకలు, గజ్జలు, మోకాళ్ళ వెనుక, తల వెంట్రుకలలో వెదకుకొనవలెను.

పిడుదు కనబడితే సన్నని మొనల పట్టకారుతో, చర్మమునకు ఆనించి పట్టి, మెలిపెట్టక తిన్నగా పైకి లాగవలెను. కొందరు నూనె పూస్తారు, అగ్గిపుల్లతో కాలుస్తారు. అది తప్పు, బెదరిన పిడుదు తన కడుపులోనిది గాయములోనికి కక్కవచ్చును.

3 నుండి 30 రోజులలోపల ఎర్రని మచ్చ పెరుగుతూ పోయినా, జ్వరము వచ్చినా వైద్యునికి కాటు సంగతి చెప్పవలెను. మచ్చ అందరికీ కనబడదు. తొలిదశలో డాక్సీసైక్లిన్ వంటి మందులతో చాలమందికి నయమవుతుంది.