ప్రొజెక్టర్ వేయలేని రంగు

సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం. తిరుత్తణి ప్రాంతపు బడిలో ఆ రోజు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫొటోను పెద్దగా గోడ మీద వేసి పిల్లలకు చూపించాలని ఎవరికైనా అనిపిస్తుంది. 1888లో ఆయన పుట్టిన సీమ ఇది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసేదాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఇప్పటికీ ఇళ్లల్లో తెలుగు మాట్లాడుకునే పల్లెలు చుట్టూ ఉన్నాయి. ప్రొజెక్టర్‌ను బల్ల మీద పెట్టి, లాప్‌టాప్‌కు కేబుల్ తగిలించి, స్విచ్ వేస్తే బొమ్మ పడుతుంది. తెల్ల తలపాగా బాగానే ఉంటుంది. కళ్లజోడు అంచు, ముఖం మీది నీడలు, వెనకవైపు చీకటి మాత్రం వెలిసిపోయిన బూడిద రంగులో కనిపిస్తాయి. మిషను పాతబడిందనీ, లాంపు మార్చాలనీ, అసలు కొత్తదే కొనాలనీ మాట వస్తుంది. చాలాసార్లు మిషనులో ఏ లోపమూ ఉండదు. ఎంత డబ్బు పోసి కొన్నా ప్రొజెక్టర్‌కు చేతకాని పని ఒకటుంది: అది నలుపు వేయలేదు.

ప్రొజెక్టర్ చేసేదల్లా గోడ మీదికి వెలుతురు పంపడమే. తెలుపు కావలసిన చోటికి నిండుగా పంపుతుంది, ఎరుపు కావలసిన చోటికి ఎర్రటి వెలుగు పంపుతుంది, నలుపు కావలసిన చోటికి పంపకుండా ఊరుకుంటుంది. అలా ఊరుకున్న చోట గోడ ఎలా ఉందో అదే మనకు దొరికే నలుపు. సుద్దముక్క తెల్లగీత గీయగలదు గాని నల్లగీత గీయలేదు, నలుపు బల్లది. ఇక్కడ నలుపు గదిది. స్విచ్ వేయకముందే తెర వైపు ఒక్క క్షణం చూడండి. కిటికీ వెలుతురులో అది ఎంత తెల్లగా కనిపిస్తోందో, ఆ పూట మీరు వేసే బొమ్మలో నలుపు అంత తెల్లగానే ఉంటుంది.

అదే తెర చీకటి గదిలో నల్లటి జుట్టును నల్లగానే చూపిస్తుంది కదా అంటే, అది కంటి గుణం. మన కన్ను వెలుతురును కొలవదు, పక్కదానితో పోల్చి చూసుకుంటుంది. పక్కనే బాగా వెలుగుతున్న తెలుపు ఉంటే, మసక వెలుగు కూడా నలుపుగా తోస్తుంది. కాబట్టి చూసుకోవలసింది తెలుపు ఎంత, నలుపు ఎంత అని కాదు. తెలుపు నలుపుకు ఎన్ని రెట్లు ఉంది అని. దీన్నే కాంట్రాస్ట్ అంటాం.

ఇప్పుడు కాస్త లెక్క వేద్దాం. బళ్లలో ఎక్కువగా కనిపించే రకం, 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ తీసుకోండి. బొమ్మ 2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు, అంటే 3 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 1000 ల్యూమెన్లు పడతాయి. ఈ కొలతకు లక్స్ అని పేరు. కిటికీలన్నీ తెరిచి ఉన్న తరగతి గదిలో తెర మీద పగటి వెలుతురు 300 లక్స్ పడుతోందనుకుందాం. తెలుపు 1300, నలుపు 300. రెండింటి నిష్పత్తి నాలుగు రెట్లకు కొంచెం ఎక్కువ. బడి కమిటీ డబ్బు పోగేసి రెట్టింపు శక్తిగల 6000 ల్యూమెన్ల మిషను తెచ్చిందనుకోండి: 2300కు 300, ఎనిమిది రెట్లు కూడా రాలేదు. పాత మిషనునే ఉంచి, తెరకు దగ్గరగా ఉన్న కిటికీలకు ముదురు పరదాలు కట్టి, ఆ వైపు ట్యూబులైటు ఆపితే తెర మీది వెలుతురు 30 లక్స్‌కు దిగిందనుకోండి: 1030కి 30, ముప్పై నాలుగు రెట్లు. కొత్త మిషను చేయలేనిది నాలుగు గజాల గుడ్డ చేసింది.

ఎన్ని రెట్లుంటే చాలు? అమెరికాలో ఆడియో, వీడియో రంగం వారు 2011లో దీనికొక ప్రమాణం పెట్టారు. ఏం కనిపిస్తోందో తెలిస్తే చాలు అనుకునే చూపుకు 7 రెట్లు, చదివి అర్థం చేసుకోవడానికి 15, వివరాలు పట్టిపట్టి చూడటానికి 50, సినిమాకు 80. కిటికీలు తెరిచిన మన గది మొదటి మెట్టు కూడా ఎక్కలేదన్నమాట. బొమ్మను పెద్దది చేయాలనే ముచ్చట ఇంకొక చిక్కు తెస్తుంది. వెడల్పు రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలవుతుంది, వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. పరదాలు కట్టిన అదే గదిలో 4 మీటర్ల బొమ్మ వేస్తే ముప్పై నాలుగు రెట్లు కాస్తా తొమ్మిదికి దిగుతాయి. వెలుతురున్న గదిలో చిన్న బొమ్మే మంచి బొమ్మ. వెనక బెంచీల పిల్లలను ముందుకు జరిపి కూర్చోబెట్టండి గాని, బొమ్మను సాగదీయకండి.

డేరా సినిమాల వాళ్లకు ఈ లెక్క కాగితం మీద లేకపోయినా ఒంటబట్టింది. 1910 ప్రాంతంలో మద్రాసు నుంచి క్రోనోమెగాఫోన్ అనే సినిమా యంత్రం తీసుకుని ఊరూరా తిరిగిన మన రఘుపతి వెంకయ్య గారి కాలం నుంచీ, ఆ తర్వాతి టూరింగ్ టాకీసుల దాకా, పక్కలు తెరిచి ఉన్న డేరాలో ఆట మొదలయ్యేది పొద్దు గూకాకే.

పెండ్లి మండపాల సంగతి వేరు. తిరుత్తణి మురుగన్ సన్నిధి కాబట్టి ఊరి నిండా మండపాలే. కిటికీలు తక్కువైనా అక్కడి గోడలకు మెరిసే ఎనామిల్ రంగు, కింద తళతళలాడే పలకలు. ప్రొజెక్టర్ పంపిన వెలుగు తెర మీద పడి, వెనక్కి వచ్చి, గోడలకూ నేలకూ తగిలి, మళ్లీ తెర మీదికే చేరుతుంది. బొమ్మ తన నలుపును తానే చెరుపుకుంటుంది. తెరకు అటూ ఇటూ రెండు మూడు మీటర్ల మేర ముదురు రంగు గుడ్డ వేలాడదీస్తే ఈ బాధ తగ్గుతుంది. మెరిసే గోడ మీద నేరుగా బొమ్మ వేస్తే నట్టనడుమ ఒక కాంతి మచ్చ తేలుతుంది. అంతకంటే మామూలు సున్నం కొట్టిన గోడ నయం. మురుగన్ పండుగ ఆడి కృత్తికకు వచ్చే జనానికి గుడి కొండ కింద పట్టపగలు బొమ్మ చూపించాలంటే మాత్రం ప్రొజెక్టర్ మాట మరిచిపోవాలి. ఎండలో లక్ష లక్స్ వరకు వెలుతురు పడుతుంది, నీడపట్టున కూడా వేలల్లో ఉంటుంది. అక్కడ ఎల్.ఈ.డి. గోడే దారి. దాని ముఖం నల్లగా ఉంటుంది, ఆరిన చోట నల్లగానే మిగులుతుంది.

కొనేవారికి ఒక్క మాట. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసే ల్యూమెన్ల అంకెను నమ్మకండి. నిజమైన కొలతలో తెల్లటి తెరను తొమ్మిది సమాన గడులు చేసి, ప్రతి గడి నడుమ వెలుతురు కొలిచి, సగటు తీస్తారు. అలా కొలిచినదానికి ఆన్సీ ల్యూమెన్లు అనో, ఐ.ఎస్.ఓ. ల్యూమెన్లు అనో స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ మాట లేకుండా వేలల్లో అంకె కనబడితే, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా, పగటిపూట కిటికీ తెరిచి వేయించి చూసి మరీ కొనండి. పదివేల రెట్ల కాంట్రాస్ట్ అని రాసి ఉంటే అది కటిక చీకటిలో తీసిన లెక్క. మీ తరగతి గదికి దానితో పని లేదు.

ఇక అమర్చడం. చాలా ప్రొజెక్టర్లకు బొమ్మ వెడల్పుకు సుమారు ఒకటిన్నర రెట్ల దూరం కావాలి: 2 మీటర్ల బొమ్మకు 3 మీటర్లు. ఆ మూడు మీటర్ల దారిలో సీలింగ్ ఫ్యాన్ రెక్క అడ్డు రాకుండా ముందే చూసుకోండి. పైన బిగించిన ప్రొజెక్టర్లకు ఇది తరచూ వచ్చే తంటా, రెక్క నీడ బొమ్మ మీద తిరుగుతూనే ఉంటుంది. బల్ల మీద పెట్టే రకం లెన్సు వెలుగును కాస్త పైకి విసిరేలా తయారవుతుంది కాబట్టి, లెన్సు ఇంచుమించు బొమ్మ కింది అంచు ఎత్తులో ఉండాలి. చాలామంది పొట్టి బల్ల మీద పెట్టి, ముందుకాలు పైకెత్తి, మిషనును ఆకాశం చూపిస్తారు. అప్పుడు బొమ్మ పైన వెడల్పుగా, కింద సన్నగా పడుతుంది. దాన్ని సరిచేయడానికి రిమోట్ మీద కీస్టోన్ బటన్ ఉంది. ఇది లెన్సును కదపదు. లోపలి చిప్ మీద బొమ్మనే వంకరగా కుదించి వేస్తుంది. బయట వంకర, లోపల వంకర రెండూ కలిసి గోడ మీద సరి అవుతాయి, కానీ చిప్ మీద అంచుల చుక్కలు కొన్ని వృథా అవుతాయి, అక్షరాలు అరిగిపోతాయి. ముందు బల్ల ఎత్తు పెంచండి, మిషనును గోడకు తిన్నగా నిలపండి. టేపు పట్టి బొమ్మ రెండు కర్ణాలూ కొలవండి. సమానంగా వస్తే కీస్టోన్ ముట్టుకోనక్కర్లేదు.

అక్షరాలు అరిగిపోవడం తెలుగుకు ఎక్కువ నష్టం. ఈ సరిహద్దు ఊళ్లలో ఒకే తెర మీద తమిళమూ తెలుగూ పక్కపక్కన పడతాయి కాబట్టి తేడా కళ్లకు కడుతుంది. తమిళంలో తిరుత్తణి అని రాస్తే జంట హల్లులో మొదటిదాని నెత్తిన ఒక చుక్క పెట్టి అన్నీ ఒకే వరుసలో నడిపిస్తారు. మనం త కింద మరో చిన్న త తగిలిస్తాం. స్వాతంత్ర్యం అని రాస్తే ఒకే అక్షరానికి రెండు ఒత్తులు. ఆ ఒత్తు అసలు అక్షరంలో సగం కూడా ఉండదు.

ఆరు మీటర్ల దూరం నుంచి మంచి చూపున్న కన్ను విడదీయగలిగిన అతి సన్నని వివరం సుమారు 1.75 మిల్లీమీటర్లు. వెడల్పుకు 1024 చుక్కలున్న ప్రొజెక్టర్ 2 మీటర్ల బొమ్మ వేస్తే ఒక్కో చుక్క దాదాపు 2 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే చివరి బెంచీ పిల్లవాడి కంటికీ, మిషను చుక్కకూ హద్దు ఒక్కచోటే. అక్షరం పోల్చుకోవాలంటే ఇలాంటి ఐదు వివరాల ఎత్తయినా ఉండాలి, కాబట్టి ఒత్తు ఒక్కటే 9 మిల్లీమీటర్లు. ఇబ్బంది లేకుండా చదవాలంటే దానికి రెట్టింపు. ఒత్తు 2 సెంటీమీటర్లుంటే అక్షరం 4 సెంటీమీటర్లు. ఆ లెక్కన 1.5 మీటర్ల ఎత్తు బొమ్మలో పది పంక్తులకు మించి తెలుగు పెట్టకూడదని నేనంటాను. అదే పరిమాణంలో తమిళం చక్కగా చదవగలిగిన పిల్లలు తెలుగు దగ్గర తడబడితే, వాళ్లకు తెలుగు రాదనుకోవడం అన్యాయం. కాంట్రాస్ట్ నాలుగు రెట్లకు పడిపోయిన తెర మీద అన్నిటికంటే ముందు కరిగిపోయేది ఆ సన్నని ఒత్తులే.

లాప్‌టాప్ పంపే బొమ్మ కొలత ప్రొజెక్టర్ చిప్ కొలతతో సరిపోకపోయినా ఇదే జరుగుతుంది. ముందు ప్రొజెక్టర్ వేసి, ఆ తర్వాత హెచ్.డి.ఎం.ఐ. కేబుల్ తగిలిస్తే, తన చుక్కల లెక్క ఎంతో మిషను లాప్‌టాప్‌కు చెప్పుకుంటుంది. అయినా డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి అంకె చూడటం మంచిది: చిప్ 1280కి 800 అయితే అక్కడా అదే ఉండాలి. లేకుంటే మిషను చుక్కలను సర్ది, కలిపి వేస్తుంది, గీతల అంచులు మసకేస్తాయి.

లోపలి చిప్ గురించి రెండు మాటలు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో కనిపెట్టిన రకంలో ఒక్కో చుక్కకు ఒక్కో అద్దం ఉంటుంది, మైక్రాన్లలో కొలిచే బుల్లి అద్దం. 1024కు 768 అంటే 7,86,432 అద్దాలు. ఒక వైపు వంగితే వెలుగు లెన్సులోకి, మరో వైపు వంగితే లోపలి నల్ల గోడ మీదికి. సెకనుకు వేలసార్లు ఇటూ అటూ ఊగుతాయి. తెరవైపు ఎంతసేపు వంగితే ఆ చుక్క అంత ప్రకాశం. చాలా మిషన్లలో ముందొక రంగుల చక్రం తిరుగుతూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి పంపుతుంది. ఫోన్ కెమెరాతో తెరను వీడియో తీస్తే రంగుల పట్టీలు పరుగెత్తడం కనిపించేది అందుకే. మూడు ఎల్.సి.డి. పలకల రకంలో మూడు రంగులూ ఒకేసారి వెళతాయి. రెండింటిలోనూ ఆపిన వెలుగు కొంచెం కారుతూనే ఉంటుంది, కాని గది వెలుతురు ముందు అది ఏపాటిది!

కిటికీలు మూయమని చెప్పడం తేలిక. మే నెలలో తమిళనాట ఎండ ముదిరే ఊళ్ల పేర్లలో తిరుత్తణి ఉంటుంది, 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. చాలా ప్రొజెక్టర్ల పుస్తకాల్లో పనిచేసే వేడిమికి హద్దు 35 లేదా 40 డిగ్రీలని ఉంటుంది. గాలాడని గదిలో మిషను ముందు వెలుతురు తగ్గించుకుంటుంది, తర్వాత ఎర్రలైటు వెలిగించి ఆగిపోతుంది. అందుకే అన్ని కిటికీలూ మూయొద్దు. తెర దగ్గరి జత మాత్రమే మూసి, వెనకవి గాలికి వదిలేయండి. తెరకు ఎదురుగా వెనక గోడకు కిటికీ ఉంటే మాత్రం పరదా తప్పదు. మిషను పక్కల గాలి రంధ్రాలకు పుస్తకాలు ఆనించకండి. మరమగ్గాలు ఆడే అమ్మయ్యార్‌కుప్పం, పొదటూరుపేట వంటి ఊళ్లలో నూలు నూగు గాలిలో తేలుతుంటుంది. ఫిల్టర్ ఉన్న మిషనుకు పుస్తకం చెప్పిన గడువు దాకా ఆగకుండా, నెలకోసారి దాన్ని తీసి మెత్తటి బ్రష్‌తో దులపండి.

లాంపు రకమైతే కరెంటు పోవడమే పెద్ద శత్రువు. లోపల ఒక మిల్లీమీటరు సందులో నిప్పు వంతెన వెలుగుతుంది, చుట్టూ పాదరసపు ఆవిరి మామూలు గాలికి సుమారు 200 రెట్ల ఒత్తిడితో ఉంటుంది. రిమోట్‌తో ఆపితే లాంపు ఆరాక కూడా ఫ్యాను కొంతసేపు తిరిగి ఆ వేడిని బయటికి తోస్తుంది. కరెంటు పోతే ఫ్యానూ ఆగుతుంది, వేడి లోపలే నిలిచి లాంపు ఆయుష్షు తింటుంది. వెంటనే మళ్లీ స్విచ్ వేస్తే ఒక్కోసారి అది వెలగదు, చల్లారేదాకా ఆగాలి. చిన్న యూ.పీ.ఎస్. ఒకటి పెట్టుకుంటే ఫ్యాను తిరిగే ఆ కొద్ది నిమిషాలూ గట్టెక్కుతాయి. బడి గంట కొట్టగానే మెయిన్ స్విచ్ కట్టేసే అలవాటున్న చోట, ఫ్యాను ఆగిందో లేదో చూశాకే కట్టాలని ఆ స్విచ్ బోర్డు మీద తమిళంలోనూ తెలుగులోనూ రాసి అంటించండి.