పల్లేరు ఒకేసారి ఎందుకు మొలవదు?

ఈసారి వీడియో చిలమకూరులో మా చేను గట్టు మీద తీసినాను. చేతిలో ఉండేది పల్లేరు కాయ. కాలికి గుచ్చుకుంటే తిట్టుకుంటాం గానీ దాన్ని పగలగొట్టి చూసినోళ్లు తక్కువ. ఎండినాక అయిదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కలో రెండు నుంచి నాలుగు గింజల దాకా ఉంటాయి. మామూలుగా పెద్ద గింజ ముందు మొలుస్తుంది. మిగతావి అదే ముల్లులో, అదే తేమలో ఉండి కూడా నిద్రపోతాయి.

రెండేళ్ల కిందట జూన్‌లో ఒక పదును వాన పడగానే ఉన్న శెనక్కాయ విత్తనమంతా ఒక్కరోజే వేసేసినా. తర్వాత 22 రోజులు చినుకు లేదు. మొలిచింది మొలిచినట్టే మాడిపోయింది. విత్తనానికి తెచ్చిన అప్పు మాత్రం మాడలేదు! ఆగస్టు వానకు అదే చేలో పల్లేరు, గునుగు పచ్చగా లేచినాయి. పక్క చేను పెద్దాయన చూసి, "దానికుండే ఓపిక మన ఇత్తనానికి లేదబ్బీ" అన్నాడు.

ఆ ఓపిక ఎట్లా వచ్చింది? గింజలన్నీ తొలివానకే మొలిచే మొక్క ఉందనుకోండి. వాన మోసం చేసిన ఏడు దాని వంశమే పోతుంది. కొన్ని మొలిచి కొన్ని ఆగే మొక్కకు మంచి ఏడు కాస్త నష్టమే, కానీ చెడ్డ ఏడు నేలలో విత్తనం మిగులుతుంది. తరతరాలుగా అట్లా మిగిలినవే ఇప్పుడు మన చేలల్లో ఉన్నాయి. డాన్ కోహెన్ అనే శాస్త్రవేత్త 1966లోనే దీన్ని లెక్క కట్టి చూపించినాడు. అమెరికాలో అరిజోనా ఎడారిలో లారెన్స్ వెనబుల్ ఏళ్ల తరబడి చూస్తే, ఏ మొక్క కాపు ఏడాదికేడాది ఎక్కువ తేడాగా ఉందో దాని గింజలే తక్కువ శాతం మొలిచినాయంట.

మనం చేసింది దీనికి తిరగు. వేసిన వెంటనే మొలిచిందాన్నే కోసి, మళ్లీ దాన్నే విత్తుకుంటూ వచ్చినాం. నిద్రపోయే గింజ మన గాదెలోకి రానేలేదు. టీఎంవీ-2 లాంటి గుత్తి శెనక్కాయకు నిద్ర లేదు కాబట్టే, పీకే ముందర వాన పడితే కాయ భూమిలోనే మొలకెత్తుతుంది.

ఇప్పుడు నేను శెనక్కాయ రెండు దఫాలుగా వేస్తున్నా. తొలకరికి ముందు పొడి దుక్కిలో చల్లే నవధాన్యాల్లో పిల్లిపెసర ఉంటుంది కదా, దాని తోలు గట్టిది, తొందరగా నీళ్లు తాగదు. ఇసుకతో రుద్దితే త్వరగా మొలుస్తుంది. నేను సగమే రుద్ది, సగం అట్లాగే కలుపుతున్నా. రుద్దనిది ఆలస్యంగా లేచి తర్వాతి పంటలో అడ్డం పడుతుంది, అది నిజమే. పీకి అక్కడే మల్చింగ్‌గా పరుస్తున్నా. రెండు రకాల మొలకలూ పక్కపక్కన పెట్టి వీడియో చివర్లో చూపించినాను.