మటడోరుకు కొత్త పలకలు

మిల్లు మూసినంక మా పెద్దోడు పాత మటడోరు కొని, షోలాపూర్‌ల చాదర్ల మూటలు తోలుతుండు. మొన్న వానలకు వెనక పలక పుచ్చి, వాని కాలు మోకాలుదాక దిగబడ్డది. వడ్లాయన కూలి వినంగనే నేనే రంపం పట్టిన.

టేకు మనతోని కాదు, అంగుళం మందం సాల్ కర్ర తెచ్చిన. పలకల నడుమ రూపాయి బిళ్లంత సందు వదలాలె. వానకు కర్ర ఉబ్బుతది. కోసిన కొసలే ఎక్కువ నీళ్లు తాగుతయి, వాటికి రెండు మార్లు అవిసె నూనె పట్టించిన. నూనె ఆరినంకనే మూటలు ఎక్కియ్యాలె.

బోల్టు తలలు కర్రలోకి దిగేటట్టు గుంత చెయ్యాలె. నేను చెయ్యలే. తొలి ట్రిప్పుకే ఒక చాదరు చినిగింది. నలభై ఏండ్లు సాంచ కాడ పోగు తెగకుండ చూసినోన్ని! బోల్టులన్నీ ఊడదీసి, గుంతలు కొట్టి మళ్లీ బిగించిన. చాదరు పైసలు వాడే కట్టిండు, నాకు చెప్పలే.